బాతుకాళ్ల కుండ

కిందటి వారం సైఫోన్‌ని లాంపాంగ్ పాత సినిమా హాలు గుమ్మంలో వదిలేశాం. భుజాన చేతిసంచి, సంచిలో తండ్రి రాసుకున్న నోటుపుస్తకం. తల్లి కంపా పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. పోయేముందు ఆవిడ అడిగింది ఒక్కటే, మంచం కింది రేకుపెట్టెని మూత తియ్యకుండా కాల్చెయ్యమని. సైఫోన్ కాల్చలేదు. తల్లి మాట కాదనాలనీ కాదు, తండ్రి మీద ఆపేక్షతోనూ కాదు. పెట్టెని పెరట్లోకి మొయ్యాలి, కిరసనాయిలు తెచ్చుకోవాలి, పొగ చూసి వచ్చిన పక్కింటివాళ్లకి జవాబు చెప్పాలి. అంత పని ఎందుకులే అనిపించింది. మూత తీసింది. లోపల ఈ పుస్తకం తప్ప ఇంకేమీ లేదు.

అదే వారంలో బ్యాంకాక్ నుంచి ప్రేవా అనే అమ్మాయి ఫోను చేసింది. పాత సినిమాలు వెతికి భద్రం చేసేవాళ్ల దగ్గర పని చేస్తుందట. నలభై ఏళ్ల కిందట ఉత్తరాది ఊళ్లన్నీ తిరిగిన పిల్లల సినిమా, 'బాతుకాళ్ల కుండ', ఒక గుడి సామాన్ల గదిలో దొరికింది. బొమ్మ ఉంది, మాట లేదు. ఆ రోజుల్లో అలాంటి సినిమాలకి మాట ఉండేదే కాదు. మందుల కంపెనీ లారీకి తెర కట్టి బొమ్మ వేస్తుంటే, పక్కన మైకు ముందు కూచున్న మనిషే మాటలన్నీ చెప్పేవాడు. ఆ మనిషి బూన్‌లెర్ట్, సైఫోన్ తండ్రి. ఆయన మాటల పుస్తకం దొరికితే శనివారం ఊళ్లో వెయ్యబోయే ఆటకి ప్రాణం వస్తుందని ఆ అమ్మాయి ఆశ.

పుస్తకం చేతిలో పెట్టేసి నాలుగు గంటల డ్యూటీకి వెళ్లిపోదామని వచ్చింది సైఫోన్. లోపల ప్రేవాతో పాటు ఇంకొకావిడ ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"రా అమ్మాయ్. గుమ్మంలో నిలబడకు. వెలుగొచ్చి బొమ్మ చెడుతుంది."

పిలిచింది పాతికేళ్ల పిల్ల అనుకుంది సైఫోన్. చీకటి కంటికి అలవాటయ్యాక చూస్తే, మూడో వరస చెక్కకుర్చీలో ముడుచుకుని కూచున్నది డెబ్భై ఎనిమిదేళ్ల ముసలావిడ. తల ముగ్గుబుట్ట, వీపు విల్లు. గొంతు మాత్రం ఎక్కడా ముదరలేదు. ఆ గొంతే చెప్పేసింది ఆవిడెవరో. మాలైవాన్. బూన్‌లెర్ట్ పక్కన కూచుని ఆడగొంతులన్నీ పలికిన మనిషి. ఊరు చెప్పుకునేదాన్నిబట్టి, బూన్‌లెర్ట్‌ని పెళ్లాం బిడ్డల దగ్గర్నించి లాక్కుపోయిన మనిషి. కంపా నోట ఆ పేరు వచ్చేది కాదు. ఎప్పుడైనా అనవలసివస్తే "ఆ గొంతుది" అనేది.

కోపం రావాలి కదా అని సైఫోన్ కాసేపు ఎదురు చూసింది. రాలేదు. ఈ ఇరవై రెండు రోజులూ అంతే. ఏది ముట్టుకున్నా రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో ముట్టుకున్నట్టుంది. అన్నం తింటోంది, నిద్రపోతోంది, బస్టాండులో మైకు ముందు కూచుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెబుతోంది. ఇరవై ఒక్కేళ్లుగా చేస్తున్న ఉద్యోగం. మనసు పెట్టాల్సిన పని లేదు.

"అక్కా! వచ్చేశారా!" ప్రొజెక్టరు దగ్గర్నించి ప్రేవా పరిగెత్తుకొచ్చింది. ఇరవై ఏడేళ్ల పిల్ల, మోకాళ్ల దాకా దుమ్ము. "పుస్తకం తెచ్చారా? ఏదీ, చూడనివ్వండి. అయ్యో, చేతులకి నూనె. మీరే పట్టుకోండి. అమ్మమ్మా, పుస్తకం వచ్చింది!"

"చూశాలే. కళ్లు పోలేదు నాకు," అంది మాలైవాన్.

"ఇది ఇచ్చేసి పోదామని వచ్చాను," అంది సైఫోన్.

"ఒక్క రీలు చూసి వెళ్లండక్కా. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసుంటారు మీరు! పదా? ఇరవయ్యా?"

"చూడలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

ప్రేవా నవ్వబోయి ఆగిపోయింది. లాంపాంగ్‌లో సైఫోన్ ఈడువాళ్లలో ఆ సినిమా చూడనివాళ్లు లేరు. బూన్‌లెర్ట్ మానేశాక కూడా ఎవరెవరి గొంతులతోనో ఏడెనిమిదేళ్లు ఆడింది. బడి ఆవరణలో పిల్లలందరూ రెండు చేతులూ నెత్తిమీద గుండ్రంగా పెట్టుకుని, పాదాలు పక్కకి తిప్పి, కుండలా ఊగుతూ నడిచేవారు. సైఫోన్ గోడ పక్కన నిలబడేది. ఒకసారి ఇంటికెళ్లి ఆ నడక నడిచి చూపిస్తే కంపా చేతిలో ఉన్న గరిటెతో మోకాలి మీద కొట్టింది. జీవితంలో తల్లి ఆమెని కొట్టింది ఆ ఒక్కసారే. లారీ ఊళ్లోకి వచ్చిన వారమంతా తలుపులకి గడియ. మైకు గోల వినపడకుండా కంపా రేడియో పెద్దది చేసేది.

"అయితే ఇప్పుడు చూడండి," అంది ప్రేవా, ఈసారి మెల్లిగా.

సైఫోన్ గోడ గడియారం వైపు చూసింది. అది ఎప్పుడో ఆగిపోయింది. చేతి గడియారం రెండూ పది చూపిస్తోంది. టైముంది. మాలైవాన్‌కి రెండు కుర్చీలు వదిలి కూచుంది.

ప్రొజెక్టరు కుట్టుమిషనులా టకటకలాడింది. తెర మీద ముందు గీతలు పడ్డాయి, తర్వాత ఒక ఇల్లు, ఇంటి ముందు పెద్ద నీళ్లకుండ. వాన మొదలైంది. ఎవరో నిచ్చెనెక్కి నీళ్ల డబ్బాతో పోస్తున్న వాన అది, ఇంటి మీద తప్ప ఎక్కడా పడటం లేదు. కుండ ఉలిక్కిపడింది. కింద నుంచి రెండు పసుపుపచ్చ బాతుకాళ్లు బయటికొచ్చాయి. అట్టకి రంగేసిన కుండ, లోపల మనిషి. నలభై ఆరేళ్ల సైఫోన్‌కి అదంతా తెలుస్తూనే ఉంది. కుండ అరుగు దిగబోయి జారి కూలబడింది. మళ్లీ లేచింది. నువాన్ అనే ఏడెనిమిదేళ్ల పిల్ల వాకిట్లోకి పరిగెత్తుకొచ్చి ఏదో అడిగింది. పెదాలు కదిలాయి. మాట లేదు.

"పద్నాలుగో పేజీ అనుకుంటా," అంది మాలైవాన్ తెర మీంచి కళ్లు తిప్పకుండా. "చదువు."

"నేనా?"

"పుస్తకం నీ చేతిలో ఉంది కదా."

ప్రేవా సెల్‌ఫోను లైటు పట్టుకుంది. సైఫోన్ చదివింది. ఆమెకి తెలిసిన పద్ధతి ఒక్కటే, ఆ పద్ధతిలోనే చదివింది. "కుండా కుండా, నీకు కాళ్లెక్కడివి. నిన్నటి దాకా లేవు. ఇవాళ వానకి మొలిచినవి. అయితే నన్నెక్కించుకుని తీసుకుపో. ఎక్కడికి. వానలు పుట్టే ఊరికి."

చియాంగ్‌మై బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధముగా ఉన్నది అన్నట్టుగానే ఉంది ఆ చదవడం. ప్రేవా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాలైవాన్ మాత్రం దాచుకోకుండా నవ్వేసింది.

"నువ్వేనా బస్టాండులో చెప్పేది! ఇన్నేళ్లూ నీ మాట విని బస్సెక్కుతున్నానే నేను! తెలిస్తే ఒక్కసారైనా వచ్చి చూసి పోయేదాన్ని."

సైఫోన్ పేజీ తిప్పింది.

కుండ పిల్లని ఎక్కించుకుని నదిలోకి దిగింది. నీళ్లడుగున వాలుగచేపల రాజు కొలువు తీరి ఉన్నాడు, రెండు చీపుళ్లు మీసాలుగా కట్టుకుని. దేశంలోని వానలన్నీ దొంగిలించి బుడ్లలో పట్టి బిరడాలు బిగించాడు. కప్పల నాయనమ్మ ఒకతె దారి చూపిస్తానంటూ తప్పుదారి పట్టించింది. ఆ నాయనమ్మ తెర మీదికి రాగానే మాలైవాన్ వీపు నిటారైంది. పుస్తకం అక్కర్లేకుండా అందుకుంది. "కుడికి వెళ్లండర్రా కుడికి! కాదు కాదు, నా కుడి కాదు, మీ కుడి! నాకు నాలుగు కాళ్లు, ఏది కుడో నాకేం తెలుసు!" ఖాళీ హాలు ఆ గొంతుతో నిండిపోయింది. సైఫోన్ రాజుగారి మాటలు బస్టాండు గొంతులో చదివింది. "నా వానలు ఎవరికీ ఇవ్వను. ఒక్క చుక్క కూడా. ఇక్కడ ఆపి నులిపురుగుల మందు."

"ఏంటక్కా?"

"అలాగే రాసుంది. ఇక్కడ ఆపి నులిపురుగుల మందు. పెద్దలకి రెండు బిళ్లలు, పిల్లలకి ఒకటి, తేనెతో."

"అవును మరి!" అంది మాలైవాన్. "రాజు కత్తి ఎత్తగానే మీ నాన్న బొమ్మ ఆపించేవాడు. లైట్లు వేసి మందులమ్మేవాళ్లం. కత్తి దిగాలంటే మందులు అమ్ముడవ్వాలి. పిల్లలు అమ్మల కొంగులు పట్టుకుని కొను కొను అని ఒకటే ఏడుపు. ఈ జిల్లాలో పురుగు మిగల్లేదు అప్పట్లో."

ప్రేవా పడీ పడీ నవ్వింది. ఇందులో నవ్వు వచ్చేదేమిటో సైఫోన్‌కి అర్థమైంది. నవ్వు మాత్రం రాలేదు. తెర మీద పిల్ల బుడ్ల బిరడాలు ఒకటొకటిగా పీకేస్తోంది. బుడ్లలోంచి వానలు పైకి లేస్తున్నాయి. వెండికాగితం ముక్కలు, దారాలు కనపడుతూనే ఉన్నాయి. ఊళ్లో తన ఈడువాళ్లందరూ గుండెల్లో పెట్టుకుని పెరిగింది దీన్నేనా? ఏడేళ్లప్పుడు చూసుంటే తను కూడా నోరు తెరుచుకుని చూసేదే. ఆ చూసే పిల్ల ఇప్పుడెక్కడుంది? ఆమె వెతకలేదు. వేలు పెట్టి వరస పోకుండా చదువుతూ పోయింది.

నోటుపుస్తకంలో ఎవరి మాటల పక్కన వాళ్ల గుర్తు ఉంది. రాజుకి సున్న, కుండకి అడ్డగీత, మాలైవాన్ పలికే వాటికి చిన్న పువ్వు. నువాన్ మాటల పక్కన పువ్వు లేదు. 'పాప' అని రాసుంది.

"ఇవి మీరు పలకరా?" అని అడిగింది సైఫోన్. "ఆడపిల్ల మాటలు కదా."

రీలు తోక తెర మీద తెల్లగా టపటప కొట్టుకుంది. ప్రేవా వెళ్లి ప్రొజెక్టరు ఆపి, కిటికీ తలుపు ఒకటి తెరిచింది. ఎండ నేల మీద పలకలా పడింది.

"తర్వాతి ఏళ్లలో నేనే పలికాను," అంది మాలైవాన్. "పుస్తకం మీ అమ్మ దగ్గర ఉండిపోయింది, జ్ఞాపకం మీద లాగించాం. మొదటి రెండేళ్లూ నావి కావు ఆ మాటలు."

"మరి ఎవరివి?"

"మీ ఇంటి పాపవి."

ప్రేవా అరిచినంత పని చేసింది. "అక్కా! మీరే! అంటే ఊరంతా విన్నది మీ గొంతన్నమాట! సినిమా చూడలేదంటారేంటి, మీరు మైకు ముందు ఉంటే తెర ఎలా కనపడుతుంది!"

"అప్పుడు నాకు మూడేళ్లు," అంది సైఫోన్.

"ఉంటే? మా అన్నయ్య కూతురు మూడేళ్లకే టీవీలో ప్రకటనలన్నీ అప్పజెప్పేది. నాన్న చెవిలో చెబుతుంటే మీరు చెప్పేసి ఉంటారు."

మాలైవాన్ ఒళ్లో ఉన్న పొట్లం విప్పి బెల్లం పాకం అప్పచ్చి ఒకటి తీసి సైఫోన్ వైపు చాచింది. సైఫోన్ తీసుకోలేదు. ఆవిడ చెయ్యి చాలాసేపు అలాగే గాలిలో ఉండి వెనక్కి వెళ్లింది.

"ఒకటడుగుతాను," అంది సైఫోన్. "మా నాన్న మీ ఇంట్లో ఉండేవాడా?"

ప్రేవా ఇద్దరి మొహాలూ చూసి ప్రొజెక్టరు వైపు తప్పుకుంది.

"ఉండేవాడు," అంది మాలైవాన్. "తొమ్మిదేళ్లు. పోయేదాకా."

"అయితే ఊళ్లో అన్నది నిజమే."

"ఊళ్లో ఏమన్నారు? నేను లాక్కుపోయానని. అవునా? నీకు మీ అమ్మ కూడా అదే చెప్పిందా?"

"అమ్మ ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు."

"ఎందుకడగలేదు?"

సైఫోన్ ఆలోచించింది. "అడిగితే రెండు రోజులు అన్నం మానేసేది."

మాలైవాన్ తల పంకించింది. "మీ నాన్న నా గుమ్మంలోకి వచ్చిననాడు కట్టుబట్టలతో వచ్చాడు. గెంటేసిందని చెప్పాడు. మా ఆయన అప్పటికి పోయాడు, నాకు ఇద్దరు పిల్లలు. అరుగు మీద పడుకుంటానన్నాడు. ఊరు ఊరుకుంటుందా? నేనే మందు పెట్టానన్నారు. మార్కెట్లో నా మీద ఉమ్మిందొకతె. మీ అమ్మ వచ్చి నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుంటే బాగుండేది, అప్పుడైనా ఒక మాట చెప్పే వీలుండేది. రాలేదు."

"ఏం చెప్పేవారు?"

"మీ ఆయన నా మొగుడు కాదు, ఉత్త కొయ్యబొమ్మ అయిపోయాడని. ఏడాది పాటు నోరు విప్పలేదమ్మా ఆ మనిషి. పక్షి, పాము, రాజు, రాణి, అన్నీ పలికిన మనిషి. మంచినీళ్లు కావాలంటే గ్లాసు ఎత్తి చూపించేవాడు. కంపెనీవాళ్లు మూడుసార్లు వచ్చి వెళ్లారు. మైకు ముట్టనన్నాడు. నోటితో కూడా కాదు, తలతో. ఏడాది తర్వాత మాట్లాడాడు కానీ మనిషి గొంతు కాదది, గీసినట్టుండేది. సైకిళ్లు బాగుచేసుకుని బతికాడు. మిగతా ఎనిమిదేళ్లూ నాకు మొగుడే, కాదనను. పెళ్లి మాత్రం జరగలేదు. ఆ మాట నిన్ను నొప్పిస్తే నొప్పించనీ."

నొప్పించలేదు. సైఫోన్ వింటోంది. నాన్నకి నలభై ఏళ్ల కిందట దక్కాల్సిన జాలి, ఈవిడకి దక్కాల్సిన క్షమాపణ, అమ్మ మీద రావాల్సిన సందేహం, మూడూ బస్టాండులో ఆలస్యమైన బస్సుల్లా ఎక్కడో దూరంగా ఆగి ఉన్నాయి. వస్తాయేమో. ఎప్పుడొస్తాయో ఆమె చెప్పలేదు.

"అమ్మ ఎందుకు గెంటేసింది మరి?"

"నువ్వా పుస్తకం చివరిదాకా చూశావా?"

"చూశాను. చివరి ఆరు పేజీలు ఖాళీ."

"సినిమాకి చివరి రీలు ఉందిగా. పేజీలెందుకు ఖాళీగా ఉన్నాయి?"

"రాసుకోలేదేమో."

"రాసుకోవాల్సిన పని లేకపోయింది. చివరి రీలంతా పాపే. రాజు బందీ అయిపోతాడు, కుండ బద్దలైపోతుంది, పిల్ల ఒక్కతే మబ్బు మీద కూచుని ఇంట్లోవాళ్లని కేకేస్తుంది. ఆ రీలుకి మీ నాన్న పాపకి ఏమీ రాసివ్వలేదు. 'నీకు తోచింది చెప్పు' అనేవాడు. రోజుకో రకంగా చెప్పేది. ఒకనాడు చద్దన్నం కావాలనేది, ఒకనాడు వాళ్లమ్మని తిట్టేది. జనం దానికోసమే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు."

ప్రేవా ఇక ఉండలేకపోయింది. "అమ్మమ్మా, మరి శనివారం ఆ రీలుకి ఏం చెబుతాం? ఎవరికీ గుర్తు లేదా?"

"గుర్తెందుకు?" మాలైవాన్ కుర్చీ కింద నుంచి వెదురుబుట్ట పైకి లాగింది. తువ్వాలు, మందుల సీసా, దాని కింద పాత క్యాసెట్ రికార్డరు. బ్యాటరీల మూత రబ్బరుబ్యాండుతో కట్టి ఉంది. "మా తమ్ముడు సైన్యంలోంచి తెచ్చాడు దీన్ని. ఆ ఏడు వర్షాకాలం చివర, వాంగ్ నది అవతల గుడి తిరనాళ్లలో, తమాషాకి మైకు పక్కన పెట్టి నొక్కాడు. మీ నాన్నా, పాపా కలిసి చెప్పిన ఆఖరి ఆట అది. ఆఖరిదని మాకెవరికీ తెలీదు. మీ అమ్మ దీనికోసం రెండుసార్లు మనిషిని పంపింది. ఇవ్వలేదు. ఇస్తే నీళ్లలో పారేస్తుందని తెలుసు. మీ నాన్న కూడా వినలేదు దీన్ని. ఇంట్లో ఉందని తెలిసీ వినలేదు."

"నన్నెందుకు వినమంటున్నారు?"

"నిన్ను వినమనలేదు. నువ్వు లేచి నీ డ్యూటీకి పోతే పట్టుకు ఆపను. కానీ శనివారం ఊరంతా వింటుంది. ఊరికంటే ముందు నీకు తెలియాలి."

చేతి గడియారం మూడూ ఇరవై. ఇప్పుడు లేస్తే సరిపోతుంది. లేవడానికి గానీ కూచోవడానికి గానీ సైఫోన్‌కి ప్రత్యేకించి కారణం కనపడలేదు. కూచుంది.

"నొక్కండి," అంది.

మాలైవాన్ బొటనవేలు బలం చాల్లేదు. ప్రేవా వచ్చి నొక్కింది.

మొదట జనరేటరు మోత. వెనక వేలమంది జనం, దగ్గులు, ఎవరో వేరుశనగకాయల కేక. తర్వాత మైకుకి మరీ దగ్గరగా, నవ్వు దాచుకున్న ఒక మగగొంతు. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి సైఫోన్ మాలైవాన్ మొహం చూడవలసివచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుంది.

"సిద్ధమేనా బువా?" అంది మగగొంతు గుసగుసగా. "మబ్బు రాగానే మొదలుపెట్టు."

"సిద్ధం నాన్నా."

చిలకలా, ఒక్క అక్షరం పోకుండా పలికింది పిల్ల. ఏడేళ్లుంటాయేమో. ఆ వెంటనే పెద్ద గొంతు చేసి ఎత్తుకుంది. "అమ్మా! నేను మబ్బు మీదున్నానే! నిచ్చెన పంపించు! పొట్టి నిచ్చెన వద్దు, పక్కింటి వాళ్లది అడుగు!" వేలమంది గొల్లున నవ్వారు.

ప్రేవా మోకాళ్ల మీద కూలబడి రికార్డరుకి చెవి ఆనించింది. "అక్కా," అంది, "ఎంత ముద్దుగా ఉన్నారు మీరు."

సైఫోన్ రికార్డరు వైపు చూస్తోంది. బువా. ఆమెని ఎవరూ ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. "నాకు ఆ పేరుండేదా?" అని అడిగింది.

మాలైవాన్ తల అడ్డంగా ఊపింది. పెదాల మీద వేలు పెట్టుకుంది, ఇంకా వినమన్నట్టు.

జనం నవ్వు సద్దుమణిగింది. మైకుకి కాస్త దూరంగా, బల్ల కింద నుంచి వచ్చినట్టు, ఇంకో గొంతు వినపడింది. చాలా చిన్నది. ముద్దమాటలు.

"అత్తా, నేనూ. అత్తా, నేనూ తెప్తా."

"ష్, ఉండవే," అంది మొదటి పిల్ల, మైకులోనే. మళ్లీ జనం నవ్వారు. "అమ్మా! నిచ్చెనతో పాటు మా చెల్లిని కూడా పంపించు, కింద ఏడ్చి చస్తోంది!"

ప్రేవా చెయ్యి రికార్డరు మీంచి మెల్లిగా జారింది. సైఫోన్ ఇంటి పత్రాల్లో, గోడ మీది ఫొటోల్లో, అమ్మ నోట, ఎక్కడా ఇద్దరు పిల్లలు లేరు.

మాలైవాన్ చెయ్యి చాచి టేపు ఆపింది.

"అక్కా అనడం రాక అత్తా అంటోందే, అదీ నువ్వు," అంది. "ఎవర్ని పిలుస్తున్నావో మీ అమ్మ నీకు చెప్పనే లేదన్నమాట."